పొలం మందు, ప్రాణం మందు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడు, పదిమందికీ పనికొచ్చే విషయం చెప్పు" అన్నారు. ఫంగస్ గురించి చెబుతానన్నాను. కాసేపు మాట్లాడలేదు. "స్వర్ణోత్సవం నాడు బూజు గురించా?" అన్నారు. అవునండీ, బూజు గురించే. నేను ఆస్పత్రులకు గాలి సరఫరా ఏర్పాట్లు చేసే ఇంజనీరుని. ఆపరేషన్ థియేటర్లోకి, ఐసీయూలోకి, అవయవ మార్పిడి జరిగిన రోగి గదిలోకి గాలి ఎటునుంచి రావాలి, ఎంత రావాలి, ఎంతవరకు వడపోయాలి అని లెక్కలు వేయడం నా ఉద్యోగం. నేను వడపోసేవాటిలో ముఖ్యమైనది ఈ బూజే. పైగా ఈ సభలో సగం మంది వ్యవసాయ కుటుంబాలవాళ్ళు. ఆస్పత్రికీ పొలానికీ మధ్య ఉన్న ఒక లంకె మనవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు ఆ జీవి సంగతి. సైన్సు మాస్టారు 'సిద్ధబీజాలు' అని బోర్డు మీద రాసి బొమ్మ వేయించినవి గుర్తున్నాయి కదా? ఫంగస్ విత్తనాలవి. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే పైన తెట్టు కట్టేది కూడా వాటివల్లే. వాటిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అని ఒకటుంది. కుళ్ళే ఆకు, తడిసిన గడ్డివాము, పెంటకుప్ప దాని నివాసం. దాని సిద్ధబీజం రెండు, మూడు మైక్రాన్లు ఉంటుంది. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లనుకోండి, ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది. అంత తేలిక కాబట్టి గాలిలో గంటల తరబడి తేలుతుంది. మనలో ప్రతి ఒక్కరం రోజూ వందల సంఖ్యలో వీటిని పీలుస్తూనే ఉన్నాం. ఈ హాల్లో కూర్చుని ఇప్పుడూ పీలుస్తున్నాం. కంగారు పడకండి. మన ఊపిరితిత్తుల్లోని కావలి కణాలు వాటిని ఎప్పటికప్పుడు మింగేస్తాయి.

పెంటకుప్పను తవ్వితే లోపలినుంచి ఆవిర్లు వస్తాయి కదా. ఆ వేడికి చాలా సూక్ష్మజీవులు చస్తాయి. ఇది మాత్రం యాభై డిగ్రీలలో కూడా హాయిగా పెరుగుతుంది. అలాంటిదానికి మన ఒంట్లోని 37 డిగ్రీలు ఒక లెక్క కాదు. లోపల కావలివాడు నిద్రపోతే చాలు, కాపురం పెట్టేస్తుంది.

అవయవ మార్పిడి జరిగిన మనిషిలో ఆ కావలివాడిని మనమే నిద్రపుచ్చుతాం. 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం మొదటిసారి కిడ్నీ మార్పిడిని విజయవంతంగా చేసినప్పుడు ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు. అందువల్ల ఆ శరీరం కొత్త కిడ్నీని పరాయిదనుకోలేదు. అందరికీ కవలలు ఉండరు కదా. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. 2023 నాటికి దేశంలో ఏడాదికి 18 వేలకు పైగా అవయవ మార్పిళ్ళు జరిగే స్థాయికి వచ్చాం. వాటిలో ఎక్కువ భాగం కిడ్నీలే. శరీరం ఆ అవయవాన్ని తిప్పికొట్టకుండా వ్యాధినిరోధక శక్తిని అణిచిపెట్టే మందులు దొరకబట్టే ఇదంతా సాధ్యమైంది. ఆ మందులు జీవితాంతం వేసుకోవాలి.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. ఆ మందుల్లో సైక్లోస్పోరిన్ ఒకటి. నార్వే పీఠభూమి మట్టిలో దొరికిన ఒక ఫంగస్ నుంచి దాన్ని తీశారు. అమెరికాలో 1983లో అనుమతి వచ్చింది. మైకోఫినోలేట్ అనే మరో మందు మూలం పెనిసిలియం జాతి బూజు. ఈ రోజు ఎక్కువగా వాడే టాక్రోలిమస్ జపాన్‌లోని సుకుబా మట్టిలో 1984లో కనిపెట్టిన ఒక బాక్టీరియా సరుకు. అంటే మార్పిడి కిడ్నీని కాపాడేవీ ఆ మట్టి బతుకులే, ఆ మనిషిని కాటేసేవీ ఆ మట్టి బతుకులే.

కాటు పడితే విరుగుడు ఏమిటి? బాక్టీరియాకు ఉన్నన్ని మందులు ఫంగస్‌కు లేవు. కారణం ఏమిటంటే ఫంగస్ కణం మన కణానికి దగ్గరి చుట్టం. దాన్ని చంపే మందు మనల్నీ గాయపరచకుండా ఉండటం కష్టం. మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉంటే దాని పొరలో ఎర్గోస్టెరాల్ అనే వేరే కొవ్వు ఉంటుంది. ఆ చిన్న తేడాను పట్టుకుని చేసిన మందులే చాలావరకు మనకు దిక్కు. ప్రాణం మీదికి తెచ్చే ఫంగస్ జబ్బులకు వాడేవి ప్రధానంగా మూడు కుటుంబాలు. మొదటిది ఆంఫోటెరిసిన్. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు జనం ఊరూరా తిరిగి వెతుక్కున్న ఇంజెక్షన్ ఇదే. గట్టి మందు, కానీ కిడ్నీలను దెబ్బతీస్తుంది. రెండోది కాస్పోఫంగిన్ కుటుంబం. ఇది రక్తనాళం ద్వారానే ఎక్కించాలి. ఆస్పర్‌జిల్లస్‌ను నెమ్మదింపజేస్తుందే గాని ఒంటరిగా పూర్తిగా చంపలేదు. మూడోది అజోల్ కుటుంబం. ఇందులోని వొరికొనజోల్ 2002లో వచ్చింది. ఆస్పర్‌జిల్లస్‌కు మొదట వాడే మందు అదే. మాత్రగా ఇచ్చి రోగిని ఇంటికి పంపగలిగే వీలు ఈ కుటుంబానికే ఉంది.

ఇప్పుడు మన బ్యాచ్ మిత్రుడి సంగతి. అతని అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. మిరప రైతు. కిడ్నీలు పాడైతే వాళ్ళ అక్కయ్య తన కిడ్నీ ఇచ్చింది. మూడేళ్ళు బాగా నడిచింది. తర్వాత ఒక చలికాలం దగ్గు, జ్వరం పట్టుకుని వదల్లేదు. స్కాన్‌లో ఊపిరితిత్తిలో గడ్డలాంటి మచ్చ కనబడింది. పరీక్ష చేస్తే ఆస్పర్‌జిల్లస్. వొరికొనజోల్ మొదలుపెట్టారు. రెండు వారాలైనా మచ్చ తగ్గకపోగా పెరిగింది. ల్యాబ్‌లో ఆ ఫంగస్‌ను పెంచి మందులతో పరీక్షించారు. వొరికొనజోల్‌కు లొంగలేదు. దాని అన్నదమ్ములైన మిగతా అజోల్ మందులకూ లొంగలేదు. మిగిలింది ఆంఫోటెరిసిన్. కిడ్నీకి హాని చేసే ఆ మందును అక్కయ్య ఇచ్చిన ఒకే ఒక్క కిడ్నీతో బతుకుతున్న మనిషికి వారాల తరబడి ఎక్కించాలి. ఇంట్లోవాళ్ళ పరిస్థితి మీరే ఊహించుకోండి. హాని తక్కువ చేసే లైపోసోమల్ రకం వాడారు, రోజూ రక్తపరీక్షలు చూసుకుంటూ మోతాదు నడిపారు. మనిషి దక్కాడు. కిడ్నీ కూడా దక్కింది కానీ ముందున్నంత సత్తా లేదు.

ఆస్పత్రి మంచం మీదనుంచే నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, వీళ్ళు ఇచ్చిన వొరికొనజోల్ పేరు వింటుంటే నేను తోటకు కొట్టే మందు పేరులా ఉందిరా. రెండూ ఒకటేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను చదివినదే మీకు చెబుతున్నాను.

రెండూ ఒకటి కాదు, కానీ ఇంటిపేరు ఒకటే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వీటికి చివర వస్తుంది. ఆస్పత్రిలో ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్, వొరికొనజోల్, పోసకొనజోల్. పొలంలో హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, టెబుకొనజోల్, డైఫెనొకొనజోల్. వరిలో పాముపొడ తెగులుకు, మిరపలో కొమ్మ ఎండు, కాయకుళ్ళుకు, పసుపులో ఆకుమచ్చకు మనం కొట్టేవి ఇవే. రెండు జట్లూ చేసే పని ఒకటే. ఫంగస్ ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోవడానికి వాడే ఒక ఎంజైమును పట్టుకుని ఆపేస్తాయి. తాళంలో చెవి ఇరుక్కున్నట్టు ఆ ఎంజైములోని గాడిలో వెళ్ళి కూర్చుంటాయి.

ఇప్పుడు పొలంలో జరిగేది చూడండి. మనం మందు కొట్టేది తెగులు మీద. కానీ మట్టిలో, రాలిన ఆకుల్లో ఉన్న ఆస్పర్‌జిల్లస్ మీద కూడా పడుతుంది. చాలావరకు చస్తుంది. కోటానుకోట్ల సిద్ధబీజాల్లో ఏ ఒక్కదానిలోనో జన్యువు కాస్త మారి, ఆ తాళం గాడి వంకరై ఉంటుంది. చెవి అందులో పట్టదు. మిగతావి చచ్చాక చేను మొత్తం దానిదే. మందు కొట్టిన చెత్తంతా కుప్ప వేస్తే, వేడిగా, తడిగా, కొంచెం మందు అంటిన ఆ కుప్పలో దాని సంతానం తరాలు తరాలుగా పెరుగుతుంది. ఆ కుప్పను కదిపితే గాలిలోకి లేస్తుంది.

ఇది నా ఊహ కాదు. నెదర్లాండ్స్‌లో వొరికొనజోల్‌కు లొంగని ఆస్పర్‌జిల్లస్ రోగుల్లో కనబడింది. అంతకుముందు ఎప్పుడూ అజోల్ మందు వాడని రోగుల్లో కూడా ఉంది. పాత నమూనాలు తీసి చూస్తే అదే మార్పు 1998 నాటి దానిలోనే దొరికింది. అప్పటికి వొరికొనజోల్ బజారులోకి రాలేదు. మందు పుట్టకముందే దానికి లొంగని ఫంగస్ ఎలా పుట్టింది? ఆ జన్యుమార్పు రెండు ముక్కలుగా ఉంది. జన్యువు ముందుభాగంలో 34 అక్షరాల వరుస రెండుసార్లు రావడంతో ఆ ఎంజైము ఎక్కువగా తయారవుతుంది. 98వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారి గాడి ఆకారం మారిపోతుంది. 2012లో అక్కడి పరిశోధకులు వ్యవసాయంలో వాడే అజోల్ మందులను పరిశీలించి, ఐదింటి ఆకారం ఆస్పత్రి మందులతో బాగా సరిపోలుతుందని చూపించారు. ఆ ఐదింటిలో ప్రొపికొనజోల్, టెబుకొనజోల్, డైఫెనొకొనజోల్ ఉన్నాయి. ట్యూలిప్ వంటి పూల దుంపల వ్యర్థాల కుప్పలు, తోట చెత్త కుప్పలు ఈ ఫంగస్‌కు పుట్టిళ్ళని కూడా తేలింది.

అది ఎక్కడో యూరప్ సంగతి అనుకోవద్దు. అదే 2012లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థ పరిశోధకులు మన దేశపు మట్టిలో అదే రెండు ముక్కల మార్పు ఉన్న ఆస్పర్‌జిల్లస్‌ను చూపించారు. వరిపొలాల మట్టిలో, తేయాకు తోటల్లో, ఆస్పత్రి పూలకుండీల్లో కూడా దొరికింది. 2022లో బ్రిటన్ పరిశోధకులు రోగుల్లో దొరికిన ఫంగస్ జన్యుక్రమాన్ని, బయట పరిసరాల్లో దొరికినదాని జన్యుక్రమాన్ని పక్కపక్కన పెట్టి పోల్చారు. కొన్ని జతలు దాదాపు ఒకే అచ్చు. లొంగని ఫంగస్ బయటినుంచే రోగి ఊపిరితిత్తుల్లోకి వస్తోందని దాంతో స్పష్టమైంది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదటిసారి ప్రమాదకర ఫంగస్‌ల జాబితా విడుదల చేసింది. అన్నిటికంటే పై వరుసలో పెట్టిన నాలుగింటిలో ఇదొకటి. ఎంత తేడా వస్తుందో నెదర్లాండ్స్ వాళ్ళు 2019లో లెక్క చూపారు. మందుకు లొంగే ఆస్పర్‌జిల్లస్ సోకినవారిలో ఆరు వారాల్లో 28 శాతం మంది చనిపోతే, లొంగనిది సోకినవారిలో 49 శాతం చనిపోయారు.

మన మిత్రుడికి సోకింది అతని చేలోదేనా అంటే, చెప్పే వీల్లేదు. ఈ సిద్ధబీజాలు గాలిలో ఎంతో దూరం పోతాయి. ఎవరి చేను, ఎవరి కుప్ప అని తేల్చలేం. రైతును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మా నాన్నగారూ చేను చేసినవారే. కాయకుళ్ళు తగిలితే ఏడాది కష్టం ఎలా పోతుందో ఈ సభకు నేను చెప్పక్కర్లేదు. కానీ తెలియక చేసేదానికీ తెలిసి చేసేదానికీ తేడా ఉండాలి.

నా వృత్తి చేయగలిగింది కూడా చెబుతాను. ఎముక మూలుగ మార్పిడి గదుల్లాంటి చోట్ల గాలిని హెపా ఫిల్టర్ గుండా పంపుతాం. అది 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం ఆపుతుంది. మన సిద్ధబీజం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి దాటలేదు. గంటకు కనీసం 12 సార్లు గది గాలి మొత్తం మారేలా చూస్తాం. గదిలో ఒత్తిడి వరండాలో కంటే ఎక్కువ ఉంచుతాం. తలుపు తీసినా గాలి బయటికే పోతుంది, లోపలికి రాదు. ఆస్పత్రిలో గోడ పగలగొట్టినా, ఫాల్స్ సీలింగ్ విప్పినా దుమ్ముతో పాటు ఇవీ లేస్తాయి. అందుకే పని జరిగే చోటు చుట్టూ పరదాలు కట్టి సీలు చేయాలని పట్టుబడతాం. ఇంత చేసినా నా చేయి ఆస్పత్రి గేటు దాకానే. పదిహేను రోజులకో నెలకో మనిషి ఇంటికి వెళ్తాడు. ఇంటి వెనక పెంటకుప్ప, ఎదురుగా గడ్డివాము. అక్కడ నా ఫిల్టర్ లేదు. అక్కడ ఉన్నది మీరే.

అందుకని నాలుగు మాటలు, ఎవరికి వాళ్ళు తీసుకోండి.

మొదటిది, అవయవ మార్పిడి జరిగినవారికి, వారి ఇంట్లోవారికి. పెంట తిరగేయడం, గడ్డివాము పీకడం, మిరపకాయలు తొక్కడం, పాత గోడలు పగలగొట్టడం వంటి దుమ్ము పనులకు దూరంగా ఉండండి. తప్పనిసరైతే ఎన్-95 మాస్కు వేసుకోండి, తువ్వాలు చుట్టుకుంటే చాలదు. దగ్గు, జ్వరం తగ్గకపోతే ఊళ్ళో మందులతో రోజులు గడపకుండా మార్పిడి చేసిన డాక్టరుకే చెప్పండి. ఫంగస్ అని తేలితే, అది ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేయించే వీలుందా అని అడగండి. అన్నిటికంటే ముఖ్యం, అజోల్ మాత్రను సొంతంగా మొదలుపెట్టవద్దు, సొంతంగా ఆపవద్దు. అది వేసుకుంటే రక్తంలో టాక్రోలిమస్ బాగా పెరిగి కిడ్నీకి విషమవుతుంది. ఆపేస్తే టాక్రోలిమస్ పడిపోయి శరీరం కిడ్నీని తిప్పికొట్టవచ్చు. రెండు సందర్భాల్లోనూ డాక్టరు మోతాదు సరిచేయాలి.

రెండోది, రైతు సోదరులకు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. వేర్వేరు కంపెనీల రెండు డబ్బాల్లో ఒకే మందు ఉండవచ్చు. చివర 'కొనజోల్' అని ఉంటే ఏ ఇంటిదో మీకు తెలుసు. తెగులు రాకముందే భయంతో కొట్టవద్దు. ప్రతి విడతా అదే కుటుంబం మందు కొట్టకుండా, వ్యవసాయ అధికారిని అడిగి, మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి వేరే కుటుంబాల వాటితో మార్చి మార్చి వాడండి. చెప్పిన మోతాదు దాటవద్దు. ఇందులో మీ సొంత లాభం కూడా ఉంది. ఒకే మందు పదే పదే కొడితే తెగులు కూడా మొండికేస్తుంది.

మూడోది, ఇళ్ళలో ఉన్న అందరికీ. తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గుతుంది, లోపల ఫంగస్ బలుస్తుంది. టెర్బినాఫిన్ మందుకు లొంగని తామర మన దేశంలో విపరీతంగా పెరిగి ఇతర దేశాలకూ పాకింది. దానికి కారణమైన జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో మన దేశం పేరు కూడా ఉంది, ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని. ఇలాంటి కీర్తి మనకు అక్కర్లేదు. తామరకు చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నాలుగోది, చదువుకుని పెద్ద ఉద్యోగాల్లో, ప్రభుత్వంలో, మందుల కంపెనీల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులకు. ఓలోరోఫిమ్ అనే కొత్త ఫంగస్ మందు మనుషుల మీద ప్రయోగ దశలో ఉంది. అజోల్‌కు లొంగని ఆస్పర్‌జిల్లస్‌ను అది చంపుతుందని ఆశ. అది రోగుల దాకా రాకముందే, ఫంగస్‌లోని అదే ఎంజైము మీద పనిచేసే ఇప్‌ఫ్లుఫెనోక్విన్ అనే పంటల మందుకు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. అంటే పాత కథ మళ్ళీ మొదటి పేజీనుంచి మొదలవుతోంది. మనుషుల మందులకు అనుమతి ఇచ్చే ఆఫీసూ, పంటల మందులకు అనుమతి ఇచ్చే ఆఫీసూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. మీలో ఎవరికైనా ఆ గదిలో కుర్చీ ఉంటే ఈ మాట అక్కడ వేయండి.

మన సంఘానికి ఒక విన్నపం. ఏటా వైద్య శిబిరం పెడుతున్నాం, మొక్కలు నాటుతున్నాం. ఈ ఏడాది సైన్సు ఫెయిర్‌లో తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక చార్టు చేయిద్దాం. వాళ్ళు తమ ఊళ్ళలోని ఎరువుల దుకాణాలకు వెళ్ళి, తెగుళ్ళ మందుల అసలు పేర్లు రాసుకుని రావాలి. ఖాళీ డబ్బాలు ముట్టుకోనివ్వద్దు, పేర్లు రాసుకుంటే చాలు. ఏవి ఏ కుటుంబానివో విడదీసి, కొనజోల్ ఇంటివన్నీ ఒక వరుసలో పెట్టి, పక్కన ఆస్పత్రి మందులు పెట్టాలి. ఆ చార్టు ప్రతి పంచాయతీ ఆఫీసులో ఒకటి అంటిద్దాం. అచ్చు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. ఇది ఇప్పుడే అడుగుతున్నాను, సభ ముగిసేలోపు కార్యదర్శిగారు ఒప్పుకోవాలి.

ఇదంతా విని అవయవ మార్పిడి అంటే భయపడవద్దు. కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషికి వారానికి మూడుసార్లు డయాలసిస్ కంటే మంచి బతుకు మార్పిడి ద్వారానే దొరుకుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ కింద పేర్లు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. అవయవదానానికి మీ ఇంట్లో ఈ రాత్రే ఒక మాట అనుకోండి. ఎవరో తల్లి, ఎవరో అక్క, ఆపదలో ఉన్న ఎవరో కుటుంబం ఇచ్చే ఆ అవయవాన్ని కాపాడుకోవడానికి డాక్టర్ల చేతిలో ఉన్న మందులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిని పనిచేసేలా నిలుపుకోవడంలో మన చేను, మన ఇల్లు, మన దుకాణం, అన్నిటికీ భాగం ఉంది.

అర్థం కాకపోతే మళ్ళీ అడగమని నేర్పిన బడి ఇది. ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.